జీడితోటలో తొండలు రెండు రకాలు, గోడ మీద మూడోది. ఇది క్రాసేనా?

జీడితోట_పర్లాకిమిడి

అందరికీ నమస్కారమండీ. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. మహేంద్రతనయ ఒడ్డున మాకు రెండెకరాల జీడితోట ఉంది, తోట వెనకాలే చిన్న రాతిగుట్ట. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటాను, పిక్కలు ఏరుకుంటూ, కాపలా కాసుకుంటూ. అలా రోజూ చూసి చూసి తొండల మీద ధ్యాస పడింది. రెండేళ్లుగా ఫోన్‌లో ఫోటోలు తీసి తేదీ వేసి దాచుకుంటున్నాను.

నాకు తెలిసినంతలో మా దగ్గర తొండలు రెండు రకాలు. జీడి మాను మీద ఉండేది ఒకటి, వీపు మీద రంపం పళ్లలా ముళ్లుంటాయి, మే నెల వచ్చేసరికి మగదానికి గొంతు, మెడ ఎర్రబడి దవడ పక్కన నల్ల మచ్చ వస్తుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ దాని కంట పడొద్దు, రక్తం పీల్చేస్తుంది అనేది, గొంతు ఎర్రగా ఉంటుంది కదా. రెండోది గుట్ట మీద రాళ్లకి అంటుకుని ఉంటుంది, ఒళ్లు చదునుగా నొక్కినట్టుంటుంది, ఎండాకాలంలో మగదానికి తలా భుజాలూ నిప్పులా ఉంటాయి, మిగతాదంతా నల్లటి గోధుమ రంగు.

ఇప్పుడు మూడో ఫోటో చూడండి. ఇది తోటకీ గుట్టకీ మధ్యలో మేం పేర్చుకున్న రాతి గోడ మీద దొరికింది. బూడిద రంగు, వీపుకి రెండు పక్కలా లేత చార, మెడ మీద ముళ్లు ఉన్నాయి కానీ బాగా చిన్నవి, ఎరుపు ఎక్కడా లేదు. ఇది చెట్టుదా రాతిదా తేల్చుకోలేకపోతున్నా. మా మేనల్లుడు డిగ్రీ చదువుతున్నాడు, ఫోటో చూడగానే "అత్తా, రెండు జాతులూ కలిసే చోట సంకరాలు పుడతాయి, ఇది అదే, దీని మీద పేపరు రాయొచ్చు" అన్నాడు. మా మరిదేమో తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు కదా, ఇదీ అలాంటిదే అంటాడు. ఆ సామెత నాకూ తెలుసు గానీ తొండ తొండే, ఊసరవెల్లి ఊసరవెల్లే, ముదిరితే మారదని తెలుసు.

నిజంగా తొండల్లో రెండు జాతులు కలిసి పిల్లలు పుడతాయా? పుడితే వాటికి మళ్లీ పిల్లలు పుడతాయా, కంచర గాడిదలా ఆగిపోతాయా? ఇది క్రాసా కాదా ఇంట్లో ఉండి ఎలా తెలుసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి, నాకిది చాలా ముఖ్యం.

రాయగడ_కొండదారి

అక్కా, ఫోటోలు బాగా తీశారు, పక్క నుంచి తల స్పష్టంగా కనపడేలా తీయడం చాలామందికి రాదు.

మూడో ఫోటో పెద్దది చేసి చూశాను. చెవి రంధ్రం పైన చూడండి, రెండు చిన్న ముళ్లు ఒకదానికొకటి ఎడంగా ఉన్నాయి. పక్కటెముకల మీద పొలుసుల మొన చూడండి, వెనక్కీ పైకీ తిరిగి ఉంది. ఈ రెండూ ఉంటే అది మన తోట తొండే, కలోటిస్ వెర్సికలర్ గుంపు. రాతి తొండ పొలుసులు అంత పెద్దవి కావు, సన్నగా ఇసుక చల్లినట్టుంటాయి, వీపు మీద రంపం ఉండదు, దాని పేరు సామోఫిలస్ బ్లాన్‌ఫోర్డానస్. మన రాయగడ, గజపతి, కోరాపుట్ గుట్టల మీద కనపడేది అదే.

ఇక చారల సంగతి. తోట తొండల్లో ఆడవాటికీ పిల్లలకీ వీపుకి రెండు పక్కలా లేత చార ఉండటం మామూలే. కాబట్టి మీది ఆడదో, ఇంకా ఎదగని మగదో. గోడ మీద ఎందుకు కూర్చుందంటారా, ఎండ కాచుకోవడానికి. తొండ చెట్టు మీదే ఉండాలని లేదు కదా.

ఇంకో మాట. దయచేసి రంగు చూసి జాతి తేల్చొద్దు. నేను రాయగడ స్టేషన్ వెనక ఒక మగదాన్ని చూశాను, ఇంకో మగదానితో పోట్లాడుతున్నంతసేపూ తల ఎర్రగా మండిపోతోంది, ఓడిపోయి స్తంభం దిగిందో లేదో చూస్తుండగానే మట్టి రంగుకి వచ్చేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అదే తొండ రెండు ఫోటోలు పెడితే రెండు జాతులంటాం.

మీ తోట తొండా, గుట్ట తొండా మరీ దూరపు చుట్టాలు, ప్రజాతులే (అంటే దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపులే) వేరు. వాటి మధ్య క్రాస్ అని నేనైతే అనుకోను.

బరంపురం_జువాలజీ

రాయగడ తమ్ముడు చెప్పింది సరైనదే, ఫోటో 3 తోట తొండ. కానీ అమ్మా, మీ ప్రశ్న అక్కడితో అయిపోలేదు, నిజానికి అక్కడే మొదలవుతుంది. పాతికేళ్లు జువాలజీ పాఠం చెప్పిన మనిషిని, కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

కలోటిస్ వెర్సికలర్ అన్న పేరు 1802లో దోదాఁ పెట్టాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా పాకిస్తాన్ నుంచి మన దేశమంతా, ఇంకా అవతల దాకా ఉన్న తోట తొండలన్నిటినీ ఆ ఒక్క పేరుతోనే పిలిచారు. 2021లో డీఎన్ఏ చూసి ఇది ఒక్కటి కాదని విడదీశారు. వెర్సికలర్ అన్న పేరు దక్షిణాదికీ తూర్పు తీరం వైపు దానికీ మిగిలింది. బెంగాల్ వైపు గంగా మైదానపు తొండకి 1825 నాటి పాత పేరు బయటికి తీసి కలోటిస్ వుల్టుయోసస్ అన్నారు. వాయవ్యానిది ఫరూకీ, ఈశాన్యానిది ఇరావాడీ. ఇప్పుడు ఒకసారి మ్యాప్ తలుచుకోండి. దక్షిణాన ఒకటి, బెంగాల్ వైపు ఇంకొకటి, మధ్యలో ఉన్నది మన ఒడిశా. ఇవి రెండూ ఎక్కడో ఒకచోట ఎదురుపడాలి కదా! అది కటక్ దగ్గరా, బాలాసోర్ దగ్గరా, మన గంజాం దగ్గరా అన్నది ఎవరైనా ఓపిగ్గా ఊరూరా చూస్తే తేలుతుంది. అంటే సంకరం కోసం మీరు చూడాల్సింది చెట్టు తొండకీ రాతి తొండకీ మధ్య కాదు, కంటికి ఒకేలా కనిపించే రెండు తోట తొండల మధ్య.

ఇక పుడతాయా, పుడితే ఏమవుతాయి అన్నారు. పుడతాయి. కానీ ముందు కలవాలి, అసలు అడ్డు అక్కడే. తొండల్లో మగది తల ఊపుతుంది, ముంగాళ్ల మీద లేచి బస్కీలు తీస్తుంది, గొంతు ఉబ్బిస్తుంది, ఆ తాళం ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది. ఆడది ఆ తాళం తనది కాదనుకుంటే కదిలి వెళ్లిపోతుంది. ఆ గడప దాటినా గుడ్డులో పిండం నిలవకపోవచ్చు. నిలిచి పిల్ల పుట్టినా అది గొడ్డుది కావచ్చు, మీరన్న కంచర గాడిదలాగా. ఇవన్నీ దాటి, సంకరానికి పుట్టిన పిల్లలు మళ్లీ తల్లి జాతితోనో తండ్రి జాతితోనో జతకడితే, అప్పుడు ఒక జాతి జన్యువులు నెమ్మదిగా ఇంకో జాతిలోకి పాకుతాయి. సరిహద్దులో ఒక పట్టీ లాగా ఏర్పడుతుంది. ఆ పట్టీలో అన్ని రకాల మిశ్రమాలూ ఉంటాయి, పట్టీకి అటూ ఇటూ మాత్రం దేనికది స్వచ్ఛంగా ఉండొచ్చు. మన పర్లాకిమిడి, పాతపట్నం మాటల్లా అనుకోండి, ఒక్క వాక్యంలోనే తెలుగూ ఒడియా రెండూ దొర్లుతాయి, అటు టెక్కలి దాటినా ఇటు భువనేశ్వర్ వెళ్లినా అలా వినపడదు.

యూరప్‌లో దీని మీద చక్కటి పని జరిగింది. అక్కడ గోడల మీద తిరిగే పొడార్సిస్ అనే చిన్న బల్లి ఉంది. ఇటలీ వైపు వంశంలో మగవి ఒళ్లు గట్టివి, తల పెద్దది, వీపు పచ్చన, పొట్ట మీద నలుపు ఎక్కువ. పడమటి వంశంలోవి గోధుమ రంగువి. రెండూ కలిసే చోట ఇటలీ మగవి పోట్లాటలో గెలుస్తాయి, ఆడవాటిని చేరతాయి. దాంతో జన్యువుల ప్రవాహం చాలావరకు ఒకే దిక్కుకి, ఇటలీ వైపు నుంచి అవతలికి పోతోందని 2015లో చూపించారు. కలయిక అంటే సగం సగం పాలూ నీళ్లూ కలిసినట్టు అనుకుంటాం, అలా ఉండదు. బలమున్న వైపు నుంచి ఎక్కువ పారుతుంది.

ఇంకో వింత చెప్పి ఆపుతాను. 1958లో దారెవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త ఆర్మేనియా కొండల్లో రాతి బల్లులు చూస్తూ కొన్ని చోట్ల మగవే లేవని గమనించాడు. అన్నీ ఆడవే, మగదానితో పని లేకుండా గుడ్లు పెడతాయి, పిల్లలన్నీ మళ్లీ ఆడవే. అవి రెండు వేర్వేరు జాతుల సంకరం వల్ల పుట్టిన వంశాలని తర్వాత తేలింది. అమెరికాలో విప్‌టెయిల్ అనే బల్లుల్లోనూ ఇదే కథ. న్యూ మెక్సికో విప్‌టెయిల్ మొత్తం ఆడజాతే, రెండు జాతుల కలయికలో పుట్టింది, 2003లో దాన్ని ఆ రాష్ట్ర సరీసృపంగా ప్రకటించారు. కాబట్టి సంకరం అంటే ప్రతిసారీ కంచర గాడిదలా ఆగిపోయేది కాదమ్మా, కొన్నిసార్లు అదే కొత్త జాతికి మొదలు.

ప్రాణహిత_ఒడ్డు

మాస్టారూ మంచి విషయం రాశారు. నాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, మా ఊళ్లో ఇళ్లలో అంతా తెలుగే. పత్తి చేలల్లో నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన తొండ వేరే ఉంది, నేల మీదే ఉంటుంది, అరచేయంత, ఎండాకాలంలో మగది మట్టిగడ్డ ఎక్కి గొంతు కింద విసనకర్ర లాంటి సంచి తెరుస్తుంది, మూస్తుంది, తెరుస్తుంది. మాదానికి ఆ సంచి తెల్లగా మధ్యలో నీలం గీత. సాతారా వైపు పనికెళ్లిన మా బావమరిది పంపిన ఫోటోలో మాత్రం నీలం, నలుపు, నారింజ మూడు రంగులూ పెయింటేసినట్టున్నాయి. రెండూ ఒకే జాతా? మధ్యలో నీలం కాస్త ఎక్కువ ఉన్నవి కనిపిస్తే అవి సంకరమా?

బరంపురం_జువాలజీ

తమ్ముడూ, మూడు రంగులది వేరే ప్రజాతి, సారదా అని 2016లో పేరు పెట్టారు, సాతారా చల్కేవాడి పీఠభూమిది సారదా సుపర్బా. మీ తెల్ల సంచిది సిటానా అనే ప్రజాతి. మీకు సంతోషం కలిగే మాట ఒకటి చెప్తాను, 2018లో నాగార్జునసాగర్ దగ్గర నుంచి వర్ణించిన సిటానాకి సిటానా తొండలు అనే పేరు పెట్టారు, మన మాట అలాగే లాటిన్ పేరులో కూర్చుంది.

నీలం ఎక్కువా తక్కువా అంటే, ఒకే జాతిలో కూడా వయసు బట్టీ ఒంటి సత్తువ బట్టీ మారుతుంది. గొంతు సంచి ఆడదానికి చూపించే గుర్తు కాబట్టి దాన్ని జాగ్రత్తగా గమనించడం మంచిదే, కానీ మధ్యరకం రంగు ఒక్కటే సాక్ష్యం కాదు.

పై ప్రశ్నలో ఇంట్లో ఉండి ఎలా తెలుసుకోవాలని అడిగారు, అది రాయకుండా వదిలేశాను. నిజం చెప్పాలంటే కంటితో తేలదు. డీఎన్ఏ కావాలి, అందులోనూ ఒక మెలిక ఉంది. చాలా పరిశోధనల్లో మొదట చూసేది మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే చిన్న భాగం) డీఎన్ఏ, అది చదవడం తేలిక. కానీ అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. తండ్రి వేరే జాతి అయినా ఆ పరీక్షలో పిల్ల అచ్చంగా తల్లి జాతి లాగే కనిపిస్తుంది. పిల్లకి తండ్రి ఇంటిపేరు వదిలేసి తల్లి ఇంటిపేరే రాసినట్టు. అందుకని కణం కేంద్రకంలో ఉండే డీఎన్ఏ కూడా చూడాలి, అందులో తల్లిదీ తండ్రిదీ రెండూ ఉంటాయి. ఆ రెండు పరీక్షలూ రెండు రకాలుగా చెప్తే, అంటే ఒకటి ఈ జాతి అనీ ఇంకొకటి ఆ జాతి అనీ అంటే, అక్కడ ఎప్పుడో కలయిక జరిగి ఉండొచ్చని అనుమానించాలి.

హాల్డేన్ అనే ఇంగ్లండు జన్యుశాస్త్రవేత్త సంగతి చెప్పకపోతే మన జిల్లాల వాళ్లతో మాట్లాడినట్టు కాదు. సంకరాల్లో ఒక లింగమే పుట్టకుండా పోయినా, అరుదైనా, గొడ్డుదైనా అది రెండు వేరు వేరు లింగ క్రోమోజోములున్న లింగమే (మనుషుల్లో ఎక్స్, వై ఉన్న మగవాళ్లలా) అయి ఉంటుందని ఆయన 1922లో రాశాడు, ఇప్పటికీ హాల్డేన్ సూత్రమనే చదువుతాం. ఆ హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేశాడు, 1962లో భువనేశ్వర్ చేరి అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టాడు, 1964 డిసెంబర్ 1న అక్కడే కన్నుమూశాడు. తన ఒంటిని విద్యార్థులు చదువుకోవడానికి కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇమ్మని రాసిపెట్టాడు, అలాగే ఇచ్చారు. సంకరాల గురించి ఇంత పెద్ద సూత్రం చెప్పిన మనిషి చివరి ప్రయాణం ఒడిశా నుంచి ఆంధ్రకి, అంటే మన దారినే సాగింది. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా నా గొంతు పట్టేసేది.

తోట తొండకి ఆ సూత్రం నేరుగా అతకదు లెండి, దానిలో కంటికి తేడా కనిపించే లింగ క్రోమోజోములు లేవు.

రాయగడ_కొండదారి

ఒక్కటి అడ్డుపడి చెప్తాను. ఇది చదివి ఎవరైనా కుర్రాళ్లు డీఎన్ఏ కోసం తోక ముక్క కోద్దామనుకుంటారేమో, దయచేసి అలా చేయొద్దు. బల్లి తోక వదిలేస్తుంది, మళ్లీ మొలుస్తుంది. తొండకి అలా కాదు, తెగితే తెగిందే, బల్లిలా కొత్త తోక రాదు. అటవీ శాఖ అనుమతి ఉన్న పరిశోధకులే శాంపిల్ తీయాలి. చిన్నప్పుడు మేం కొబ్బరి ఈనెకి ఉచ్చు కట్టి తొండల్ని పట్టి ఏడిపించేవాళ్లం, మగది ఎర్రబడటం చూడ్డానికి రాళ్లు వేసేవాళ్లం, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. పరిశోధకులు వాడేదీ అలాంటి ఉచ్చే, కానీ వాళ్లు కొలిచి, ఫోటో తీసి, పట్టిన చోటే వదిలేస్తారు.

అక్కా, మీరు చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ తేదీలతో సహా ఫోటోలన్నీ ఐనాచురలిస్ట్‌లో (జీవుల ఫోటోలు పెట్టే వెబ్‌సైట్) పెట్టండి, చోటు మాత్రం కచ్చితంగా గుర్తించండి. ఒకే తొండవి మూడు ఫోటోలు, పక్క నుంచి తల, పైనుంచి వీపు, గొంతు. బరంపురం నుంచి బాలాసోర్ దాకా ఇలా పదిమంది పెడితే మాస్టారు చెప్పిన ఆ రెండు జాతులూ ఎక్కడ ఎదురుపడుతున్నాయో వెతికేవాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

జీడితోట_పర్లాకిమిడి

అందరికీ చాలా చాలా థాంక్సండీ. మూడో ఫోటో మళ్లీ పెద్దది చేసి చూశాను, చెవి పైన రెండు ముళ్లు, రాయగడ తమ్ముడు చెప్పినట్టే. రెండేళ్లు చూశాను కానీ అక్కడ చూడాలని తెలియలేదు. మా మేనల్లుడికి ఈ పోస్టు మొత్తం చదివి వినిపించాను, వాడు పేపరు ఆలోచన వదల్లేదు, పైగా బరంపురం వెళ్లి మాస్టార్ని కలుస్తానంటున్నాడు. మాస్టారూ, వాడొస్తే కాస్త దారి చూపించండి, మంచి కుర్రాడు.

మాస్టారు రాసిన హాల్డేన్ గారి మాట రాత్రంతా మనసులో తిరిగింది. మా ఆయన్ని చివర్లో కాకినాడే తీసుకెళ్లాం, ఆ కాలేజీ గేటు ముందు నుంచే రెండు వారాలు తిరిగాను, లోపల హాల్డేన్ గారు ఉన్నారని తెలియదు.

మొన్న బుధవారం గట్టి వాన పడింది. గురువారం పొద్దున బావి దగ్గర మెత్తబడిన మట్టిలో ఒక ఆడ తొండ గుంట తవ్వుతూ కనిపించింది. ముంగాళ్లతో తవ్వుతుంది, ఆగుతుంది, తల ఎత్తి చుట్టూ చూస్తుంది, మళ్లీ తవ్వుతుంది. నేను బావి గట్టు వెనక కూర్చుండిపోయాను, నీళ్లు తోడ్డం మానేసి. గుడ్లు తెల్లగా, చింతపిక్క కన్నా కాస్త పెద్దవి, పదకొండు దాకా లెక్కపెట్టాను, ఆ తర్వాత దాని ఒళ్లు అడ్డొచ్చింది. అయ్యాక మట్టి కప్పి ముక్కుతో, నుదుటితో నొక్కి నొక్కి గట్టిపరిచింది, మా అమ్మ ఇల్లు అలికాక అరచేత్తో తట్టేది చూశారూ, అలాగ. వీపు మీద రెండు లేత చారలు ఉన్నాయి. గోడ మీద ఫోటోలో ఉన్నది ఇదేనేమో, చెవి పైన కూడా చూశాను, రెండు ముళ్లు.

ఆ చోట కోళ్లు గెలక్కుండా చుట్టూ తుమ్మ కంప వేశాను. పిల్లలు బయటికి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?

రాయగడ_కొండదారి

నెలన్నర నుంచి రెండు నెలలు అక్కా, ఎండా తేమా బట్టి అటూ ఇటూ అవుతుంది. కంప బాగా వేశారు, కానీ మీద నీళ్లు నిలవకుండా పక్కన చిన్న కాలవ తీయండి, నీళ్లు నిలిస్తే గుడ్లు కుళ్లిపోతాయి. ఆగస్టు మొదటి వారం నుంచి రోజూ పొద్దున్నే ఓసారి చూడండి. పిల్లలు బయటికి వచ్చిన రోజు తల పక్క నుంచి ఫోటో తీయడం మర్చిపోవద్దు.